ఎక్స్ సర్వరు మెమరీ లెక్క

మన పాఠశాల కంప్యూటరు గదిలోని యంత్రములు లినక్సుతో నడచునవి. ఉదయము చురుకుగా నుండు యంత్రము మధ్యాహ్నమగునప్పటికి మందగించుట, ఒక కిటికీ మూసిన పిదప దాని క్రింది కిటికీ కనబడుటకు చాల సేపు పట్టుట, ఒక్కొక్కప్పుడు తెర యంతయు నల్లబడి మరల పేరు, సంకేతపదము అడుగుట పై తరగతుల విద్యార్థులకు తెలిసినదే. ఈ యేడు పదవ తరగతి విద్యార్థిని యొకతె రెండు గంటలు కూర్చుండి టైపు చేసిన వ్యాసము ఇట్లే పోయినది. తల్లిదండ్రుల సంఘమువారు యంత్రములన్నిటికి అదనపు మెమరీ కొనుటకు చందా పోగుచేయ నుద్దేశించిరి. వారి యుద్దేశము మంచిదే. కాని ద్రవ్యము వ్యయపరచుటకు పూర్వము, ఉన్న మెమరీని ఎవరు వాడుచున్నారో తెలిసికొనవలెను గదా. అట్లు తెలిసికొను విధమును ఇచ్చట వ్రాయుచున్నాము.

టాప్ అను ఆజ్ఞ నిచ్చి, పెద్ద యెమ్ అక్షరమును నొక్కినచో, నడచుచున్న ప్రోగ్రాములన్నియు మెమరీ వాడకము వరుసను తెరపై కనబడును. మందగించిన యంత్రమునందు తరచుగా మొదటి వరుసలలో కనబడు పేరు ఎక్సార్గు. దానిని చూచిన విద్యార్థులు, "ఈ ప్రోగ్రామును మేమెవ్వరమును తెరువలేదే, ఇది అందరికంటె మీద నేల యున్నది?" అని యడుగుదురు. ఇందుకు సమాధానము చెప్పుటకు కొంచెము చరిత్ర కావలెను.

1984వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీయందు బాబ్ షైఫ్లర్, జిమ్ గెట్టిస్ అనువారు ఎక్స్ అను కిటికీల వ్యవస్థను ఆరంభించిరి. దీనికి పూర్వము స్టాన్‌ఫర్డులో పుట్టిన డబ్ల్యు అను వ్యవస్థ యుండెను; ఇంగ్లీషు అక్షరమాలలో డబ్ల్యు తరువాతి యక్షరము ఎక్స్ గావున ఆ పేరే పెట్టిరి. 1987 సెప్టెంబరులో వెలువడిన దాని పదునొకండవ రూపము నేటికిని వాడుకలో నున్నది. ప్రోగ్రాము ఒక యంత్రముపై నడచుచు, దాని బొమ్మ వేరొక యంత్రపు తెరపై కనబడవలెనని వారి సంకల్పము. అందుచేత పనిని రెండు పాళ్లు చేసిరి. తెర, కీబోర్డు, మౌసు అను మూటిని ఏలుచు, గీయు పని చేయునది సర్వరు. ఇచ్చట గీత గీయుము, అచ్చట అక్షరము వేయుము అని కోరుచుండునవి క్లయింటులు. మనము వాడు వ్రాత ప్రోగ్రాము, బ్రౌజరు, గడియారము అన్నియు క్లయింటులే. సర్వరనగా ఎక్కడనో చల్లని గదిలో నుండు పెద్ద యంత్రమని వినియున్న పిల్లలకు ఇది తలక్రిందుగా తోచును. ఇక్కడ సర్వరు మన యెదుటి బల్లమీదనే యున్నది. ఎక్సార్గు అనునది ఆ సర్వరు ప్రోగ్రాము పేరు.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. క్లయింటు ఒక పటమును పలుమారు చూపదలచినచో, ప్రతిసారియు దానిని పంపుట దండుగ. కావున పటమును సర్వరు వద్దనే దాచియుంచుమని కోరును. ఇట్లు సర్వరు మెమరీలో దాచబడిన పటమునకు పిక్స్‌మ్యాపు అని పేరు. మార్కెట్ యార్డులోని గిడ్డంగి నొకసారి తలచుకొనుడు. గిడ్డంగి నిండియున్నది, బస్తాలు మాత్రము గిడ్డంగివానివి కావు, రైతులవి. బయటినుండి చూచువానికి గిడ్డంగివాడే ధాన్యమంతయు కూడబెట్టినట్లు కనబడును. టాప్ పట్టిక యీ బయటి చూపే. క్లయింటు పటమును దాచి, పని తీరిన పిదప విడిపింపక మరచినను, ఆ మెమరీ ఎక్సార్గు పేరనే చూపబడును. తప్పు చేసిన క్లయింటు అదే పట్టికలో ఎక్కడనో అడుగున అమాయకముగా నుండును.

ఒక్కొక్క పటము ఎంత స్థలము నాక్రమించునో లెక్కించుట సులభము. తెరపై ప్రతి చుక్కకు సాధారణముగా 4 బైట్లు కావలెను. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల తెరనిండు పటమునకు 20,73,600 చుక్కలు. అనగా 82,94,400 బైట్లు, 8 మెగాబైట్లకు కొంచెము తక్కువ. సెల్లుఫోనుతో తీసిన ఛాయాపటము 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు గలదైనచో, డిస్కుపై అది రెండు మూడు మెగాబైట్లే యుండవచ్చును. కాని ఆ ఫైలు మడిచి కుదించినది. తెరపై చూపుటకు విప్పినపుడు అది 4,80,00,000 బైట్లగును. చిన్న ఫైలు గదా అని యనుకొనువారు ఈ గుణకారమును ఒకసారి తామే చేసి చూడవలెను.

మెమరీ అంకెలు చదువుటలో జాగ్రత్త యవసరము. మొదట ఫ్రీ అను ఆజ్ఞ నిచ్చి యంత్రము మొత్తపు స్థితి చూడవలెను. అందులో ఫ్రీ అను నిలువు గడిలోని అంకె చిన్నదిగా నున్నదని భయపడ నక్కరలేదు. ఖాళీగా నున్న మెమరీని కెర్నెలు డిస్కు ఫైళ్ల ప్రతులు ఉంచుకొనుటకు వాడుకొనును. ఎవరైన అడిగినచో వెంటనే ఇచ్చివేయును. చూడవలసినది అవైలబుల్ అను గడి. అది తగ్గుచున్నప్పుడే కష్టము. పిదప టాప్ పట్టికలో ఎక్సార్గు వరుసను మూడంకెలు చూడవలెను. విర్ట్ అనునది ఆ ప్రోగ్రాము తన దని చెప్పుకొను చిరునామాల మొత్తము; అందులో గ్రాఫిక్స్ కార్డు మెమరీ యొక్క కిటికీయు చేరియుండును గావున అది మిక్కిలి పెద్దదిగా కనబడినను మన మెమరీకి నష్టము లేదు. విర్ట్ అంకెను చూచి గాభరాపడినవారిని పెక్కుమందిని చూచితిమి. రెస్ అనునది నిజముగా మెమరీలో కూర్చున్న భాగము. షర్ అనునది ఆ రెస్‌లో ఇతరులతో పంచుకొనదగిన భాగము. మనకు ముఖ్యము రెస్.

ఒకసారి చూచిన రెస్ అంకెవలన ఏమియు తేలదు. జ్వరము వచ్చినవానికి రోజులో నాలుగుమార్లు వేడి చూచి కాగితముపై వ్రాసినట్లు, గంట కొకసారి రెస్ అంకెను, అప్పుడు తెరచియున్న ప్రోగ్రాముల పేర్లను వ్రాసికొనవలెను. పెరిగి ఒకచోట నిలిచినచో అది వాడకము. ఎవరును ముట్టని యంత్రమున గూడ పెరుగుచునే యున్నచో అది కారుట. తొమ్మిదవ తరగతి విద్యార్థులు మన యంత్రములలో ఒకదానిని ఒక దినమంతయు ఎవరిని ముట్టనీయక ఇట్లు కనిపెట్టిరి. ఉదయము 9 గంటలకు సుమారు 90 మెగాబైట్లు. 11 గంటలకు 330. మధ్యాహ్నము 2 గంటలకు 690. ఎవ్వరును మౌసు కదపలేదు. రెండు గంటలకు 240 చొప్పున, ఐదు గంటలకు 600 పెరిగినది. అనగా గంటకు సరిగా 120. ఇంత క్రమముగా పెరుగునది మనుష్యుని వాడకము కానేరదు. గడియారము ననుసరించి పనిచేయు ఏదో ప్రోగ్రాము వలన జరుగుచున్నదని పిల్లలే గ్రహించిరి.

గిడ్డంగిలో ఎవరి బస్తాలు ఎన్ని యున్నవో తెలుపు ఆవర్జా వంటిది ఎక్స్ వ్యవస్థలోను కలదు. దానిని చదివి చూపు ఆజ్ఞ ఎక్స్‌రెస్‌టాప్. ఇది సాధారణముగా యంత్రమున ముందుగా నుండదు, ఉచితముగా తెచ్చి పెట్టుకొనవలెను. దీనిని నడపినచో ప్రతి క్లయింటునకు ఒక వరుస వచ్చును. ఆ వరుసలో కిటికీలెన్ని, పిక్స్‌మ్యాపులెన్ని, ఆ పిక్స్‌మ్యాపుల మెమరీ ఎంత, ఇతరములు ఎంత, మొత్తమెంత, ప్రోగ్రాము సంఖ్య యేది, పేరేది అను వివరములుండును. కొన్ని క్లయింటులు తమ సంఖ్యను చెప్పుకొనవు. అట్టి చోట ప్రశ్నార్థకము కనబడును. అప్పుడు పేరునుబట్టియో, ఒక్కొక్క ప్రోగ్రామును మూసి ఏ వరుస మాయమగునో చూచియో గుర్తింపవలెను. ఈ లెక్క ఉజ్జాయింపు లెక్క యని మరువరాదు. కాని దొంగను పట్టుటకు ఉజ్జాయింపు చాలును.

మన యంత్రమున ఆవర్జా తెరువగానే సంగతి బయటపడినది. బ్రౌజరు గాదు, వ్రాత ప్రోగ్రాము గాదు. వార్షికోత్సవపు ఛాయాపటములను రెండు నిమిషముల కొకటి చొప్పున తెర వెనుక మార్చుచుండు చిన్న ప్రోగ్రాము పేరట 150కి పైగా పిక్స్‌మ్యాపులుండెను. మన తెరలు 1366 చుక్కల వెడల్పు, 768 చుక్కల ఎత్తు గలవి. గుణించినచో 10,49,088 చుక్కలు, 41,96,352 బైట్లు, అనగా ఇంచుమించు 4 మెగాబైట్లు. గంటకు 30 పటములు. ముప్పది నాలుగులు నూటయిరువది. కాగితముపై వ్రాసికొనిన గంటకు 120 మెగాబైట్లు అను అంకెతో ఇది సరిపోయినది. లెక్క యిట్లు రెండు దారుల వచ్చి ఒక్కచోట కలిసినపుడు తరగతిలో కలిగిన సంతోషము చెప్పనలవి కాదు. టాప్ పట్టికలో ఈ ప్రోగ్రాము తన పేరట పది మెగాబైట్లయినను చూపలేదు సుమా.

ఆ ప్రోగ్రాము మూలపాఠము మనకు దొరకినందున తప్పెక్కడనో కూడ చూడగలిగితిమి. క్రొత్త పటము వచ్చినపుడెల్ల ఎక్స్‌క్రియేట్‌పిక్స్‌మ్యాప్ అను పిలుపుతో సర్వరువద్ద స్థలము తీసికొని, పటమును దానిలో నింపి, కిటికీకి వెనుక పటముగా అమర్చుచున్నది. ఎక్స్‌ఫ్రీపిక్స్‌మ్యాప్ అను విడుదల పిలుపు ఎచ్చటను లేదు. పటమును విడుదల చేసినచో తెరమీది బొమ్మ చెరిగిపోవునేమో యని విద్యార్థులు సందేహించిరి. చెరగదు. వెనుక పటముగా అమర్చిన వెంటనే విడుదల చేసినను, కిటికీ దానిని వాడుచున్నంతకాలము సర్వరు దానిని నిలిపియుంచును. మరియొక పటము ఆ స్థానమునకు రాగానే తానే తీసివేయును. కావున ఒక్క పంక్తి చేర్చుటతో పని ముగిసినది. మరునాడు అదే యంత్రమును సాయంకాలమువరకు కనిపెట్టగా రెస్ 100కు అటునిటుగా నిలిచెను.

తల్లిదండ్రుల సంఘమువారికి ఈ లెక్కనే చూపితిమి. 2 గీగాబైట్లు అదనముగా కొనిపెట్టినచో, గంటకు 120 చొప్పున అవి 17 గంటలలో నిండియుండెడివి. రాత్రి ఆర్పు యంత్రమైనచో జబ్బు కనబడకుండ దాగియుండెడిది. ఆర్పని యంత్రమైనచో మరునాడు ఉదయమునకే మొదటి స్థితికి వచ్చెడిది. మెమరీ కొనుట తప్పని మా యభిప్రాయము గాదు. నేటి బ్రౌజర్లకు 2 గీగాబైట్లు చాలవనుట నిజమే. అది వేరు సంగతి, వేరు చందా.

ఆ విద్యార్థిని వ్యాసము పోవుటకు కారణమును ఇక్కడనే చెప్పవలెను. మెమరీయు, దానికి తోడుగా డిస్కుపై నుంచు స్వాప్ స్థలమును పూర్తిగా నిండినపుడు కెర్నెలు యంత్రమును కాపాడుటకై ఒక ప్రోగ్రామును బలవంతముగా ముగించును. అధిక మెమరీ గలదానినే సాధారణముగా ఎన్నుకొనును. ఎక్సార్గు బరువెక్కియున్నచో వేటు దానిపై పడవచ్చును. సర్వరు పోయినచో దానిని ఆశ్రయించిన క్లయింటులన్నియు దానితోనే పోవును. వ్రాత ప్రోగ్రాము ఏ తప్పును చేయకున్నను, భద్రపరచని వ్యాసము పోయినది అందువలననే. ఈ కారణముచేతనే ఎక్సార్గును చేతులార ముగించి మెమరీ విడిపింతమని యెవ్వరును తలపెట్టరాదు. అనుమానమున్న క్లయింటును మాత్రము మూయవలెను. మాట విననిచో ఎక్స్‌కిల్ అను ఆజ్ఞ నిచ్చి దాని కిటికీపై నొక్కినచో సర్వరు దానితో సంబంధము తెంచుకొనును. సంబంధము తెగగానే, ప్రత్యేకముగా నిలుపుమని కోరియుండనిచో, ఆ క్లయింటు దాచిన పటములన్నియు విడుదలయగును. లాగవుటు చేసినను మెమరీ తగ్గును, అయితే ఎవరివలన పెరిగినదో తెలియకుండపోవును.

ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. తెలుగులో ఒత్తులు, గుణింతములు అనేకములు గదా. తెలుగు అక్షరములవలన సర్వరు బరువెక్కదా యని. ప్రశ్న సమంజసమైనదే. నేటి ప్రోగ్రాములు అక్షరమును ఒత్తుతో, గుణింతముతో కూర్చి, ఆ రూపముల బొమ్మలను సర్వరునకు పంపి దాచును. ఒకసారి పంపిన రూపమును మరల మరల వాడుకొనును. ఒక్కొక్క రూపము 24 చుక్కల చదరమనుకొందము. అక్షరమునకు రంగు అవసరము లేదు గావున చుక్కకు ఒక్క బైటు చాలును. 576 బైట్లయినవి. తెలుగు రూపములు 2000 వాడితిమనుకొన్నను 11,52,000 బైట్లు. పై ఛాయాపటములలో ఒక్కదానికి పట్టిన స్థలములో మూడవ వంతైనను కాలేదు. మన లిపి నిర్దోషి.

పటములను మార్చు ప్రోగ్రామును మూసినపుడు రెస్ 690 నుండి 120కి దిగినది గాని 90కి దిగలేదు. మిగిలిన 30 ఏమాయెనని అడుగవచ్చును. ప్రోగ్రాములు చిన్న చిన్న తునకలుగా తీసికొను మెమరీ అంతయు హీపు అను ఒక పెద్ద చాపమీద పరచినట్లుండును. చాప నడుమనున్న వస్తువులను తీసివేసినను, చివర నొక చిన్న వస్తువు మిగిలియున్నచో చాపను అచ్చటికి చుట్టలేము. ఆ ఖాళీలు పోయినవి గావు. సర్వరునకు మరల అవసరమైనపుడు అవియే వాడబడును. కావున తిరిగి తగ్గకుండుట ఒక్కటే కారుటకు సాక్ష్యము గాదు. అదే పనిని పదిమార్లు చేయించి, పదిమార్లును పెరుగుచున్నదా, లేక మొదటిసారి పెరిగి నిలిచినదా యని చూడవలెను.

అన్ని యంత్రములలోను ఆవర్జా ఇంత తేటగా నుండదు. ఎక్స్‌రెస్‌టాప్ చూపు మొత్తములన్నియు కలిపినను 50 మెగాబైట్లు దాటక, రెస్ మాత్రము 900 ఉన్నదనుకొందము. అప్పుడు క్లయింటులపై నింద మోపరాదు. పీమ్యాప్ అను ఆజ్ఞతో సర్వరు మెమరీ భాగములను ఒక్కొక్కటిగా చూడవలెను. బరువు హీపులో నున్నచో సర్వరుయొక్కయో, దానిలో కూర్చున్న డ్రైవరుయొక్కయో లోపము కావచ్చును. గ్రాఫిక్స్ పరికరము పేరుగల భాగములలో నున్నచో అనుమానము డ్రైవరుమీదికి పోవును. క్రొత్త డ్రైవరును గాని, సామాన్యమైన వేరొక డ్రైవరును గాని పెట్టి అదే పరీక్ష మరల చేయుట ఉత్తమము. ఇంకొక చిక్కు గలదు. మన యంత్రములలోని డ్రైవరు పటములను సామాన్య మెమరీలోనే యుంచునది గావున రెస్ అంకె నిజము చెప్పినది. కొన్ని డ్రైవర్లు వానిని గ్రాఫిక్స్ పరికరమునకై కెర్నెలు కేటాయించిన స్థలములో నుంచును. అట్టి పటములు రెస్‌లో పూర్తిగా కనబడకపోవచ్చును. ఇంటెలు గ్రాఫిక్స్ గల యంత్రములలో ప్రాక్ మెమ్‌ఇన్ఫో అను పట్టికయందలి షెమ్ అను వరుస పెరుగుచుండుటను బట్టి దానిని గుర్తింపవచ్చును.

పెద్ద తరగతులకు పోవు విద్యార్థులు వేలాండు అను పేరు విందురు. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గు ఆరంభించిన ఈ పద్ధతి క్రమముగా ఎక్స్ స్థానమున వచ్చుచున్నది. 2025లో వెలువడిన రెడ్ హాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు 10లో ఎక్సార్గు సర్వరును తీసివేసి, పాత ప్రోగ్రాములకై ఎక్స్‌వేలాండు అను దానిని మాత్రము ఉంచిరి. వేలాండులో క్లయింటు తన పటమును తానే గీసికొని, ఆ మెమరీని సర్వరుతో పంచుకొనును. రైతు తన బస్తాలను తన ఇంటనే యుంచుకొని గిడ్డంగివానికి తాళపుచెవి ఇచ్చినట్లన్న మాట. కావున పటములను విడువక మరచిన ప్రోగ్రాము చాలవరకు తన పేరటనే టాప్ పట్టికలో బయటపడును. ఎక్స్‌రెస్‌టాప్ అచ్చట ఎక్స్‌వేలాండు ద్వారా వచ్చిన పాత క్లయింటులను మాత్రమే చూపగలదు. తక్కినవానికి టాప్, పీమ్యాప్, గంటగంటకు వ్రాసికొను కాగితము ఇవియే సాధనములు.